మారుమూల ఊళ్లో షుగర్ కంటి పరీక్ష: ఏ పద్ధతి ఎంచుకోవాలి?

2016లో ఆస్ట్రేలియా జాతీయ కంటి ఆరోగ్య సర్వేలో, షుగర్ ఉన్నవాళ్లు కంటి పరీక్ష గడువులోగా చేయించుకుంటున్నారా అని చూశారు. మూలవాసులు కానివాళ్లలో 77.5 శాతం మంది చేయించుకున్నారు. మూలవాసుల్లో, అంటే అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసుల్లో, చేయించుకున్నది 52.7 శాతమే. గడువు ఇద్దరికీ ఒకటే కాదన్న సంగతి కూడా చెప్పాలి. అక్కడి వైద్య మార్గదర్శకాల ప్రకారం మిగతావాళ్లకు రెండేళ్లకోసారి చాలు, మూలవాసులకు మాత్రం ఏటా చేయాలి. వాళ్లకు షుగర్ చిన్న వయసులోనే వస్తోంది, బీపీ, కిడ్నీ జబ్బు తోడవుతున్నాయి. పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువగా అందుతోందన్నమాట.

షుగర్ వల్ల రెటీనా (కంటి లోపల వెనక ఉండే, బొమ్మ పడే పొర) దెబ్బతినడం మొదలయ్యాక చాలాకాలం దాకా చూపులో తేడా తెలియదు, నొప్పీ ఉండదు. తెలిసేసరికి లోపల రక్తం కారి ఉంటుంది, లేదా రెటీనా మధ్యలో చూపుకి కీలకమైన మాక్యులా అనే చోట నీరు చేరి ఉంటుంది. ముందే పట్టుకుని సమయానికి వైద్యం చేస్తే, తీవ్రంగా చూపు పోయే ప్రమాదాన్ని 98 శాతం దాకా తప్పించవచ్చని అంచనా. ఇంత ఆపగలిగే జబ్బుకి మనుషులు చూపు పోగొట్టుకుంటుంటే ఊరుకోవడం నాకు చేతకాదు. అందుకే ఈ వ్యాసం.

ఇది ముఖ్యంగా అక్కడికి పనికి వెళ్లే మనవాళ్ల కోసం. విదేశాల్లో చదివి ఆస్ట్రేలియా వెళ్లిన డాక్టర్లు మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద ప్రాక్టీసు చేయాలంటే సాధారణంగా పదేళ్ల దాకా డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లోనే పనిచేయాలి. కింబర్లీలోనో, ఆలిస్ స్ప్రింగ్స్ చుట్టుపక్కలో, కేప్ యార్క్‌లోనో, అలాంటి మారుమూల ప్రాంతాల్లో తెలుగు డాక్టరు కనబడితే ఆశ్చర్యం లేదు. అలాంటి క్లినిక్‌కి కంటి పరీక్షల కోసం కాస్త డబ్బు వచ్చిందనుకోండి, మీటింగులో మొదట వచ్చే ప్రశ్న "ఏ కెమెరా కొందాం?" అని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, వారం వారం ఆ ఊళ్లో ఉండి ఫోటో తీసేదెవరు? రెండోది, ఫోటోలో జబ్బు కనబడితే ఆ మనిషిని ఎక్కడికి, ఎప్పుడు, ఎవరి ఖర్చుతో పంపుతారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే కెమెరా దానంతట అదే తేలుతుంది.

దూరాల సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. కింబర్లీ ప్రాంతం విస్తీర్ణం సుమారు 4 లక్షల 20 వేల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దానిలో మూడింట రెండొంతులే. జనాభా మాత్రం 40 వేలు దాటదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానాకాలంలో చాలా ఊళ్లకు రోడ్డు తెగిపోతుంది, చిన్న విమానమే గతి. కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఈ లెక్కలో చూడాలి.

పట్నం ఆసుపత్రికి పంపడం

దీని గురించి ఎక్కువ చెప్పను. మామూలు పరీక్షకు మనిషిని వందల కిలోమీటర్లు పంపడం పని చేయని పద్ధతి. ప్రయాణ ఖర్చుకు ప్రభుత్వ సాయం ఉన్నా, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూసుకుంటారు, పట్నంలో రాత్రి ఎక్కడ పడుకోవాలి, వైద్యుడు మాట్లాడే ఇంగ్లిష్ అర్థమవుతుందా, ఇలా ప్రతిదీ అడ్డే. వార్ల్‌పిరి, పింటుపి, క్రియోల్ లాంటి భాషలు ఇంట్లో మాట్లాడేవాళ్లకు ఇంగ్లిష్ రెండో భాషో మూడో భాషో అవుతుంది. కంటికి ఏమీ కాలేదనుకునే మనిషి ఇన్ని కష్టాలు పడి వెళ్లడు, అది అతని తప్పూ కాదు. ఈ దారిని జబ్బు కనబడ్డాక వైద్యానికే ఉంచుకోవాలి.

ఊరికి వచ్చే ఆప్టోమెట్రిస్టు

ఆస్ట్రేలియాలో ఊళ్లకు ఆప్టోమెట్రిస్టులను (కళ్లు పరీక్షించి అద్దాలు ఇచ్చే నిపుణులను) పంపే ప్రభుత్వ పథకం 1970ల నుంచీ ఉంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు, కొన్నిచోట్ల ఇంకొంచెం ఎక్కువగా, ఒక ఆప్టోమెట్రిస్టు పెట్టెల్లో పరికరాలు సర్దుకుని వస్తారు. కంట్లో చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యాక రెటీనా మొత్తం చూస్తారు. కొందరు రెటీనా పొరలను స్కాన్ చేసే ఓసీటీ యంత్రం కూడా తెస్తారు. మాక్యులాలో నీరు చేరిందా లేదా అన్నది మామూలు ఫోటోలో నమ్మకంగా తెలియదు, ఓసీటీలో తెలుస్తుంది.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది వేరే. మూలవాసుల్లో చూపు తగ్గడానికి పెద్ద కారణాలు కళ్లద్దాలు లేకపోవడం, శుక్లాలు. షుగర్ కంటి జబ్బు వాటి తర్వాతే. కెమెరా కళ్లద్దాలు ఇవ్వదు. ఆప్టోమెట్రిస్టు ఇస్తారు, శుక్లం ఉంటే ఆపరేషన్ లిస్టులో పేరు ఎక్కిస్తారు, నీటికాసుల అనుమానం ఉంటే చెబుతారు. పరీక్షకు వచ్చిన మనిషి చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపగలిగే పద్ధతి ఇదొక్కటే. చదవడానికి, బొమ్మలు వేసుకోవడానికి అద్దాలు దొరికిన పెద్దమ్మ వచ్చే ఏడాది తనే వస్తుంది, ఇంకో నలుగురిని తీసుకొస్తుంది.

లోపం కూడా అంతే పెద్దది. ఆయన వచ్చేది ఏడాదిలో రెండు మూడు రోజులు. సరిగ్గా ఆ రోజుల్లో ఊళ్లో చావు జరిగి అందరూ అంత్యక్రియలకు పక్క ఊరు వెళ్లి ఉండవచ్చు, వాన పడి విమానం దిగకపోవచ్చు. ఆ రోజు తప్పితే మళ్లీ ఏడాదే. వచ్చినవాళ్లలో అద్దాల కోసం వచ్చినవాళ్లే ఎక్కువై, షుగర్ ఉండీ ఎన్నడూ పరీక్ష చేయించుకోనివాళ్లు లిస్టులోనే మిగిలిపోతారు. కాబట్టి ఆప్టోమెట్రిస్టు కావాలి, కానీ ఆ ఒక్కరి మీదే భారం వేయకూడదు.

క్లినిక్‌లోనే కెమెరా, ఊరి మనిషి చేతిలో

నా ఓటు దీనికే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

చుక్కలు వేయకుండానే రెటీనా ఫోటో తీసే టేబుల్ కెమెరాలు వచ్చి చాలా ఏళ్లయింది. గది చీకటి చేసి, కనుపాప దానంతట అది పెద్దదయ్యేదాకా కొన్ని నిమిషాలు కూర్చోబెట్టి, ఒక్కో కంటికి సాధారణంగా రెండు ఫోటోలు తీస్తారు: ఒకటి మాక్యులా మధ్యలో ఉండేలా, ఇంకొకటి కంటి నరం మధ్యలో ఉండేలా. కింబర్లీలో 1990ల్లోనే అబోరిజినల్ హెల్త్ వర్కర్లు ఈ పని నేర్చుకుని చేశారు. ఆ ఫోటోలు తర్వాత కంటి డాక్టర్లు చూసేవారు. డాక్టరే ఉండాలన్న నియమం అవసరం లేదని అప్పుడే తేలింది.

2016 నవంబరులో మెడికేర్ డబ్బు చెల్లించే సేవల జాబితాలో దీనికి రెండు కొత్త ఐటమ్‌లు చేరాయి. 12325 మూలవాసులకు, ఏడాదికోసారి. 12326 మిగతావాళ్లకు, రెండేళ్లకోసారి. ఆ తర్వాత ప్రభుత్వం డబ్బుతో, బ్రియన్ హోల్డెన్ విజన్ ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో దేశమంతా మూలవాసీ ఆరోగ్య కేంద్రాలకు కెమెరాలు, శిక్షణ అందాయి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రీ కోర్సులు నడిపే విభాగానికి ఉన్నది ఆ బ్రియన్ హోల్డెన్ పేరే. ఊరి పిల్లలకే శిక్షణ ఇచ్చి పల్లె విజన్ సెంటర్లలో కూర్చోబెట్టిన అనుభవం ఆ ఆసుపత్రిది. మన దగ్గర పని చేసిన ఆలోచనే అక్కడా పని చేస్తోంది.

12325 వాడేటప్పుడు కొత్తగా వెళ్లిన డాక్టర్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఫోటోతో పాటు చూపు పరీక్ష కూడా తప్పనిసరి. ఇప్పటికే రెటీనా జబ్బు ఉందని తేలినవాళ్లకు, ఏ కంట్లోనైనా చూపు 6/12 కన్నా తక్కువ ఉన్నవాళ్లకు, రెండు కళ్ల మధ్య చార్టులో రెండు వరుసలకు మించి తేడా ఉన్నవాళ్లకు ఈ ఐటమ్ వర్తించదు. వాళ్లను నేరుగా ఆప్టోమెట్రిస్టుకో కంటి డాక్టరుకో పంపాలి. ఇది బిల్లింగ్ నియమంలా కనిపిస్తుంది కానీ వైద్యపరంగా సరైనదే. కెమెరా పని జబ్బు లేనివాళ్లను, ఉన్నవాళ్లను వేరు చేయడం. జబ్బు ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి ఫోటోలతోనే గమనిస్తూ కూర్చోవడానికి కాదు.

ఈ పద్ధతి బలం ఎక్కడుందంటే, మనిషి ఏ పని మీద క్లినిక్‌కి వచ్చినా ఆ రోజే ఫోటో తీసేయవచ్చు. మూలవాసులకు ఏటా చేసే హెల్త్ చెక్‌కి (మెడికేర్ ఐటమ్ 715) వచ్చినప్పుడు, పాదం పుండుకి కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు, పిల్లాడికి టీకా వేయించడానికి వచ్చినప్పుడు. వానాకాలం కూడా అడ్డు కాదు. ఫోటో తీసేది తమ చుట్టమో, తమ ఊరి అమ్మాయో అయితే భయం తగ్గుతుంది. కంటి లోపలి బొమ్మను స్క్రీన్ మీద తమ భాషలో చూపించి, "ఈ ఎర్ర చుక్కలు చూడు, ఇది షుగర్ చేసిన పని" అని చెబితే, ఎన్ని కరపత్రాలు పంచినా రాని మార్పు వస్తుంది. మాత్రలు మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడానికి ఆ ఫోటోయే కారణం కావచ్చు.

బలహీనతలు రెండు. మొదటిది, పనికిరాని ఫోటోలు. వయసు మళ్లినవాళ్లలో కనుపాప చిన్నగా ఉంటుంది, శుక్లం ఉంటే ఫోటో మసకగా వస్తుంది. దీనికి మందు సులువే: చుక్కలు వేయడానికి హెల్త్ వర్కర్‌కి అనుమతి, శిక్షణ ఇప్పించండి. ట్రోపికమైడ్ చుక్క వేస్తే 15, 20 నిమిషాల్లో కనుపాప తెరుచుకుంటుంది. కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకూడదు, కాబట్టి ఇంటికి ఎలా వెళ్తారో ముందే అడగాలి. ఇంకో మాట, ఫోటో సరిగ్గా రాకపోవడాన్ని "జబ్బు లేదు" అని రాయకూడదు. ఫోటో రాని కన్ను ఆప్టోమెట్రిస్టు చూడాల్సిన కన్ను. శుక్లం బయటపడేది చాలాసార్లు ఇలాగే.

రెండోది మనుషులు. ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీ మారుమూల క్లినిక్‌ల మీద 2013 నుంచి 2015 దాకా సమాచారం చూసిన పరిశోధకులు, నర్సులు, అబోరిజినల్ హెల్త్ ప్రాక్టీషనర్లలో చేరిన ఏడాది తర్వాత కూడా అదే క్లినిక్‌లో ఉన్నవాళ్లు 20 శాతమే అని తేల్చారు. కెమెరా నేర్చుకున్న నర్సు వెళ్లిపోతే కెమెరా మీద గుడ్డ కప్పుకుంటుంది. శిక్షణ ఒక్కరికే ఇస్తే ఈ గతి తప్పదు. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు, ఊరు వదలనివాళ్లు కనీసం ఇద్దరికి నేర్పించండి. క్లినిక్ వదిలి వెళ్లే నర్సుకు ఎంత బాగా వచ్చినా సరే, కెమెరా ఆమె పేరు మీద ఉండకూడదు. యంత్రం ధర కన్నా ఏటా శిక్షణకు పెట్టే డబ్బే ఎక్కువ ఫలితమిస్తుందని నా నమ్మకం.

దుమ్ము, వేడి, కరెంటు కోతల సంగతి చిన్నదిగా చూడకండి. లెన్స్ మీద పడ్డ దుమ్ము ఫోటోలో రెటీనా మచ్చలా కనబడి అనవసరంగా మనిషిని పట్నానికి పంపిస్తుంది. ఏసీ ఉన్న, కిటికీలు పూర్తిగా మూసుకునే గది ఒకటి దీనికే కేటాయించాలి. గోదాం మూలలో పెడితే ఎవరూ వాడరు.

చేతి కెమెరా, పెద్ద కెమెరా

చేత్తో పట్టుకునే కెమెరాలు, ఫోన్‌కి అమర్చే కెమెరాలు ఇప్పుడు చాలా వచ్చాయి. బెంగళూరు కంపెనీ రెమిడియో చేసిన ఫోన్ కెమెరాతో చెన్నైలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో ఫలితాలు చాలా బాగున్నాయి. అయితే అక్కడ చుక్కలు వేసి ఫోటో తీశారు, తీసింది అలవాటైన సిబ్బంది. మారుమూల క్లినిక్‌లో, కొత్త చేతుల్లో, చుక్కలు లేకుండా అంత మంచి ఫోటోలు ఆశించకండి. గడ్డం ఆనించే స్టాండు లేకపోతే చెయ్యి కదులుతుంది, కన్ను కదులుతుంది.

మరి వీటికి చోటు ఎక్కడ? క్లినిక్‌కి రాలేనివాళ్ల దగ్గర. మంచాన ఉన్న ముసలాయన ఇంటికి, ఇరవై ముప్ఫై మంది ఉండే చిన్న ఔట్‌స్టేషన్‌కి, డయాలసిస్ కుర్చీ దగ్గరికి. డయాలసిస్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. ఆలిస్ స్ప్రింగ్స్‌కి పడమర 500 కిలోమీటర్లు దాటాక ఉండే కింటోర్ అనే, పింటుపి మూలవాసుల ఊళ్లో 2004లో డయాలసిస్ మొదలైంది. దానికి తొలి డబ్బు 2000లో పింటుపి చిత్రకారులు తమ బొమ్మలు వేలం వేసి పోగుచేసినదే, పది లక్షల డాలర్లకు పైగా. అలా పుట్టిన పర్పుల్ హౌస్ అనే సంస్థ ఇప్పుడు చాలా ఊళ్లలో డయాలసిస్ నడుపుతోంది. కిడ్నీలు పాడైన షుగర్ రోగుల కళ్లు ప్రమాదంలో ఉండే అవకాశం చాలా ఎక్కువ, పైగా వాళ్లు వారానికి మూడుసార్లు ఒకేచోట గంటల తరబడి కూర్చుంటారు. కంటి పరీక్షకు ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. చేతి కెమెరా కొనాలనుకుంటే దీనికోసం కొనండి.

రెటీనాని అంచులదాకా ఒకే ఫోటోలో చూపే అల్ట్రా వైడ్‌ఫీల్డ్ కెమెరాలు ఇంకో చివర. చిన్న కనుపాపలోనూ బాగా పనిచేస్తాయి, పనికిరాని ఫోటోలు చాలా తగ్గుతాయి. అమెరికాలో నేటివ్ అమెరికన్ల కోసం ఇండియన్ హెల్త్ సర్వీస్ నడిపే కంటి పరీక్షల కార్యక్రమం వీటికి మారాక ఆ మేలు చూసింది. కానీ ధర ఎక్కువ, బరువు ఎక్కువ, బాగుచేసేవాడు దూరం. ఒక్క ఊరి క్లినిక్‌కి ఇది దండగ. బ్రూమ్ లాంటి కేంద్రంలోనో, ఊళ్లు తిరిగే బండిలోనో పెడితే పనికొస్తుంది. పడమటి ఆస్ట్రేలియాలో లయన్స్ ఔట్‌బ్యాక్ విజన్ అనే సంస్థ పెద్ద ట్రక్కులోనే కంటి క్లినిక్ నడుపుతోంది. కెనడాలోని అల్బర్టాలో 2001లో మొదలైన స్లిక్ అనే కార్యక్రమం వ్యాన్లలో ఫస్ట్ నేషన్స్ (అక్కడి మూలవాసులు) ఊళ్లకు వెళ్లి కళ్లతో పాటు పాదాలు, గుండె, కిడ్నీలు కూడా ఒకే రాకలో చూసేది. బండి ఎంచుకునేవాళ్లు ఆ మంచి ఆలోచన తీసుకోవాలి. ఒక్క కంటి కోసమే బండి తిప్పడం డబ్బుకు తగ్గ పని కాదు.

ఫోటో ఎవరు చదవాలి?

కెమెరా ఎంపిక కన్నా ఇది ముఖ్యం. మూడు దారులున్నాయి. క్లినిక్ డాక్టరే చదవడం, దూరంగా ఉన్న నిపుణులకు పంపడం, ఏఐకి ఇవ్వడం.

డాక్టరు చదివితే మనిషి ఇంకా కుర్చీలో ఉండగానే ఫలితం చెప్పవచ్చు. కానీ ఫోటోలు చదవడం శిక్షణతో, రోజూ చూడటంతో వచ్చే నేర్పు. నెలకి పది ఫోటోలు చూసే డాక్టరుకి అది నిలవదు. దూరంగా చదివించే పద్ధతికి పాత ఉదాహరణ ఇందాక చెప్పిన ఇండియన్ హెల్త్ సర్వీస్‌దే. 2001లో ఫీనిక్స్‌లో మొదలైంది. నేటివ్ అమెరికన్లు ఉండే రిజర్వేషన్ ప్రాంతాల్లోని క్లినిక్‌లు ఫోటోలు పంపితే ఫీనిక్స్ కేంద్రంలో శిక్షణ పొందిన రీడర్లు చదివి రిపోర్టు పంపుతారు. నాణ్యత బాగుంటుంది. ఆలస్యమే శత్రువు. రిపోర్టు రెండు వారాల తర్వాత వచ్చేసరికి ఆ మనిషి ఇంకో ఊళ్లో చుట్టాలింట్లో ఉండవచ్చు, ఫోన్ నంబరు మారిపోయి ఉండవచ్చు.

రువాండాలో జరిగిన ఒక పరీక్షలో ఈ ఆలస్యం ఎంత ఖరీదో తెలిసింది. అక్కడికక్కడే ఏఐ ఫలితం చెప్పి పెద్దాసుపత్రికి పంపినవాళ్లలో 51.5 శాతం మంది వెళ్లారు. కొన్ని రోజుల తర్వాత ఫలితం చెప్పినవాళ్లలో వెళ్లింది 39.6 శాతమే. ఏఐ మీద నాకు ఆశ కలిగించేది దాని తెలివి కన్నా ఈ వేగమే.

ఏఐ లెక్కలు కూడా నిదానంగా చూద్దాం. డాక్టరు లేకుండా తానే ఫలితం చెప్పే ఐడీఎక్స్-డీఆర్ అనే ఏఐకి 2018 ఏప్రిల్‌లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 900 మంది మీద చేసిన పరీక్షలో జబ్బు ఉన్నవాళ్లను సుమారు 87 శాతం పట్టుకుంది, లేనివాళ్లను సుమారు 90 శాతం సరిగ్గా లేదని చెప్పింది. మీ ఊళ్లో షుగర్ ఉన్నవాళ్లు 100 మంది, వాళ్లలో పంపాల్సినంత జబ్బు ఉన్నవాళ్లు 15 మంది అనుకుందాం. ఈ యంత్రం 13 మందిని పట్టుకుంటుంది, ఇద్దరిని వదిలేస్తుంది. జబ్బు లేని 85 మందిలో 8, 9 మందికి ఉందని చెబుతుంది. పట్నంలో అది పెద్ద సమస్య కాదు, ఇంకోసారి చూపించుకుంటారు. ఇక్కడ ఆ 8, 9 మందికీ విమానం, టెన్షన్, వారం పాటు ఇంటికి దూరం. అందుకే ఏఐ "ఉంది" అన్న ఫోటోని ప్రయాణం ఖరారు చేసేముందు ఒక మనిషి చూడాలి. "లేదు" అన్నవాళ్లకు మాత్రం వెంటనే చెప్పి పంపేయవచ్చు, ఏటా తప్పకుండా చేస్తున్నంతకాలం. ఏడాది దాటితే ఆ వదిలేసిన ఇద్దరి ప్రమాదం పెరుగుతుంది.

గూగుల్ తన ఏఐని థాయ్‌లాండ్ క్లినిక్‌ల్లో పెట్టినప్పుడు ఏం జరిగిందో కూడా చదవడం మంచిది. నర్సులు పంపిన ఫోటోల్లో 21 శాతాన్ని, నాణ్యత చాలదని యంత్రం తిప్పికొట్టింది. కారణాల్లో ఒకటి, గదులు సరిగ్గా చీకటిగా లేకపోవడం. ఇంటర్నెట్ నెమ్మదించి జనం గంటల తరబడి క్యూలో ఉండిపోయారు. మారుమూల ఆస్ట్రేలియా క్లినిక్‌లో ఇంటర్నెట్ అంతకన్నా మెరుగని అనుకోకండి. నెట్ లేకుండానే అక్కడి కంప్యూటర్‌లో నడిచే ఏఐనే చూడండి. అమ్మేవాళ్లను రెండు ప్రశ్నలు గట్టిగా అడగండి: మూలవాసుల కళ్ల మీద దీన్ని పరీక్షించారా? ఈ ఫోటోలు ఎక్కడ దాస్తారు, ఇంకెందుకైనా వాడతారా? రెండో దానికి ఊరి ఆరోగ్య సంస్థ బోర్డు ఒప్పుకోవాలి, మీరొక్కరే సంతకం పెట్టే విషయం కాదది. తమ సమాచారం మీద తమకే అధికారం ఉండాలని అక్కడి ప్రజలు చాలాకాలంగా అడుగుతున్నారు. అడగకుండా తీసుకెళ్లిన చరిత్ర వాళ్లకు బాగా గుర్తుంది.

ఫోటోలో జబ్బు కనబడ్డాక

వైద్యానికి దారి లేకుండా పరీక్ష మొదలుపెట్టకండి. "నీ కంట్లో రక్తం కారుతోంది" అని చెప్పి ఎనిమిది నెలలు వెయిటింగ్ లిస్టులో పెడితే, ఆ మనిషి నమ్మకంతో పాటు అతని ఇంటిల్లిపాది నమ్మకం కూడా పోతుంది. కెమెరా కొనేముందే దగ్గరి కంటి డాక్టర్ల బృందంతో మాట్లాడి, అత్యవసరమైతే ఎన్ని రోజుల్లో, మామూలుగా అయితే ఎన్ని వారాల్లో చూస్తారో రాయించుకోండి. తోడు వచ్చే చుట్టానికి కూడా ప్రయాణ ఖర్చు వస్తుందో లేదో కనుక్కోండి. ఒంటరిగా వెళ్లమంటే చాలామంది వెళ్లరు.

వైద్యం ఎంపికలోనూ దూరం లెక్కలోకి రావాలి. ముదిరిన రెటీనా జబ్బుకి లేజర్, కంట్లో వేసే ఇంజెక్షన్లు రెండూ పని చేస్తాయి. 2015లో వెలువడిన ప్రోటోకాల్ ఎస్ అనే పెద్ద అధ్యయనంలో ఇంజెక్షన్లు లేజర్‌కి ఏమాత్రం తీసిపోవని తేలింది. కానీ ఆ ఇంజెక్షన్లకు మొదట్లో నెలనెలా వెళ్లాలి. మధ్యలో మానేస్తే, లేజర్ చేయించుకుని మానేసినవాళ్ల కన్నా వీళ్ల కళ్లు ఎక్కువ పాడవుతాయని తర్వాత వచ్చిన పరిశీలనలు చెప్పాయి. నెలనెలా విమానం దొరకని ఊళ్లో ఉన్నవాళ్లకు ఒకటి రెండు సార్లలో ముగిసే లేజరే భద్రం అని నేను అనుకుంటాను. మాక్యులాలో నీరు చేరితే మాత్రం ఇంజెక్షన్లే ముందు, అప్పుడు వాటికోసం ఊరికి దగ్గర్లో ఏర్పాటు చేయమని అడగాల్సిందే. కంటి డాక్టరుకి లెటర్ రాసేటప్పుడు "ఈయన ఉండేది ఫలానా ఊళ్లో, నెలనెలా రావడం కష్టం" అని ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యం వైద్యాన్నే మార్చవచ్చు.

మీ ఊరికి ఏది?

వెయ్యి మంది దాటి ఉన్న ఊరు, క్లినిక్‌లో స్థానిక హెల్త్ వర్కర్లు ఉన్నారు అంటే ఆలోచించక్కర్లేదు. టేబుల్ కెమెరా పెట్టండి, చుక్కలు వేయడం నేర్పించండి, ఫోటోలు దూరంగా చదివించండి. నెట్ సరిగ్గా ఉండి, బోర్డు ఒప్పుకుంటే ఏఐని మొదటి వడపోతగా చేర్చండి. ఆప్టోమెట్రిస్టు వచ్చే రోజుల్ని, ఫోటోలో తేడా వచ్చినవాళ్లకు, ఫోటో రానివాళ్లకు, అద్దాలు కావలసినవాళ్లకు ఉంచండి.

రెండు మూడు వందల మంది ఉండి, నర్సులు నెలనెలా మారుతుండే ఊళ్లో సొంత కెమెరా వద్దు. పక్క ఊళ్లతో కలిసి ఒక కెమెరా, దాన్ని వెంటబెట్టుకుని తిరిగే ఒక అబోరిజినల్ కంటి కోఆర్డినేటర్ ఉంటే మేలు. ఆమె జీతానికి డబ్బు అడగండి. నిధులిచ్చేవాళ్లకు యంత్రం ఫోటో తీసి చూపించుకోవడం తేలిక, జీతం చూపించుకోలేరు. అందుకే దానికోసం గట్టిగా వాదించాల్సి వస్తుంది, వాదించండి. వంద మంది కూడా లేని ఔట్‌స్టేషన్లకు ఆప్టోమెట్రిస్టు రాక, దానికి తోడు ఆ కోఆర్డినేటర్ చేతి కెమెరా చాలు.

మీరు వెళ్లేసరికి క్లినిక్‌లో ఇప్పటికే కెమెరా ఉండి, ఎవరూ వాడకుండా పడి ఉంటే కొత్తది అడక్కండి. కమ్యూనికేర్ లాంటి మీ రికార్డుల సాఫ్ట్‌వేర్‌లో షుగర్ ఉన్నవాళ్ల లిస్టు తీసి, ఏడాదిగా కంటి పరీక్ష లేనివాళ్లను వేరు చేయండి. ఆ లిస్టులో మొదట షుగర్ ఉండి గర్భంతో ఉన్న ఆడవాళ్లను చూడండి, గర్భంలో రెటీనా జబ్బు వేగంగా ముదరవచ్చు కాబట్టి మొదటి మూడు నెలల్లోనే పరీక్ష కావాలి. తర్వాత డయాలసిస్‌లో ఉన్నవాళ్లు, ఆ తర్వాత పాతికేళ్లలోపే టైప్ 2 వచ్చిన పిల్లలు, ఒక్కసారి కూడా పరీక్ష జరగనివాళ్లు. ఆ పేర్లు పట్టుకుని ఊరి హెల్త్ వర్కర్‌తో కూర్చోండి. ఎవరు ఊళ్లో ఉన్నారు, ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఎవరి దగ్గరికి ఎవరు వెళ్లి చెబితే వస్తారు అన్నది ఆమెకే తెలుసు.